రుచి ఉప్పునకు రేవులో పేరేమి?

వీథి మలుపున నూడుల్సు వేయించు బండివాడు చిటికెడు తీసి పెనము మీద చల్లు తెల్లని పలుకులను మీరందరును చూచియే యుందురు. దానిని కొందరు టేస్టింగు సాల్టు అందురు. ఎక్కువమంది అజినోమోటో అందురు. అది నిజమునకు ఒక జపాను సంస్థ తన సరకునకు పెట్టుకొన్న పేరు. ఆ భాషలో దానికి రుచిసారము వంటి అర్థము కలదు. రసాయనశాస్త్రజ్ఞుడు దానిని మోనోసోడియం గ్లూటమేటు అనును. పొట్లము వెనుక సన్నని అక్షరములలో ఐ.ఎన్.ఎస్. 621 అని యుండును. ఇన్ని పేర్లుండియు, ఆ పదార్థము ఓడ దిగి విశాఖపట్టణమున గాని చెన్నపట్టణమున గాని రేవు గట్టునకు చేరినపుడు వీనిలో ఏదియు చాలదు. అక్కడ దానికి అంకెలతో కూడిన మరియొక పేరు కావలెను. ఆ అంకెలను బట్టియే సుంకము నిర్ణయమగును. అవి తప్పినచో సరకు గోదాములోనే నిలిచిపోవును.

రేవులో ఈ సరకును రెండు ప్రశ్నలు ఎదుర్కొనును. సుంకపు శాఖవారు "ఇది ఏ వస్తువు?" అని అడుగుదురు. ఆహార భద్రతాధికారి "ఇది మనుష్యుల నోటికి పోదగినదేనా, పోయినచో ఏ షరతులపై?" అని అడుగును. ఒక ప్రశ్నకు చెప్పిన జవాబు రెండవదానికి చెల్లదు. సుంకపు పట్టికలో సంఖ్య సరిగా దొరికినంత మాత్రమున సరకు తినదగినది కాదు. తినదగినదని అనుమతి వచ్చినంత మాత్రమున సంఖ్య సరియైనదనియు కాదు. ఈ రెంటిని కలగాపులగము చేసికొనుట వలననే దిగుమతి వ్యాపారులకు సగము చిక్కులు కలుగుచున్నవి.

ముందు ఆ పదార్థమును గూర్చి కొంచెము చెప్పవలెను. మాంసకృత్తులన్నియు ఆమినో ఆమ్లములను గూర్చిన దండల వంటివి. ప్రధానమైన పూసలు ఇరువది రకములు. గ్లూటమిక్ ఆమ్లము అట్టి పూసలలో ఒకటి. జర్మను రసాయనజ్ఞుడు రిట్‌హౌజన్ 1866లో దీనిని గోధుమ జిగురునుండి వేరుపఱచెను. కాని దానిలోని రుచిని పట్టుకొన్నవాడు తోక్యో విశ్వవిద్యాలయాచార్యుడు కికునయె ఇకెద. తన దేశమున చారు కాచుటకు వాడు కొంబు అను సముద్రపు నాచునుండి 1908లో ఆయన గ్లూటమేటును రాబట్టి, తీపి, పులుపు, ఉప్పు, చేదులకు చేరని ఈ రుచికి "ఉమామి" అని పేరు పెట్టెను. మరుసటి యేడే అది అంగడికి వచ్చినది. మొదట గోధుమ జిగురును ఆమ్లముతో ఉడికించి చేయుచుండిరి. 1950 దశకము చివర జపానులో కినోషిత బృందము వారు గ్లూటమిక్ ఆమ్లమును తానే వెలువరించు సూక్ష్మజీవిని కనుగొనిరి. నాటినుండి చెరకు మడ్డిని గాని, కర్రపెండలపు పిండిని గాని, మొక్కజొన్న పిండినుండి తీసిన చక్కెరను గాని పులియబెట్టి దీనిని టన్నులకొలది తీయుచున్నారు. మన ఇండ్లలో ఇడ్లీపిండి పులియుటకును దీనికిని దూరపు చుట్టరికము కలదనవచ్చును.

ఇక అంకెల సంగతి. బ్రస్సెల్సు నగరమున 1983 జూన్ 14వ తేదీన ఒక ఒడంబడిక కుదిరి, 1988 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. ప్రపంచమున అమ్ముడుపోవు ప్రతి వస్తువునకును ఆరంకెల సంఖ్య నిచ్చు పట్టిక అది. దానిని హార్మనైజ్డ్ సిస్టమ్ అందురు. మొదటి రెండంకెలు అధ్యాయము, తరువాతి రెండు అందలి శీర్షిక, చివరి రెండు ఉపశీర్షిక. మన దేశము దానిపై మరి రెండంకెలు చేర్చుకొని, 1975 నాటి కస్టమ్సు టారిఫు చట్టమునకు అనుబంధముగా ఉంచుకొన్నది.

గ్లూటమిక్ ఆమ్లమును దాని లవణములును ఈ పట్టికలో 2922.42 వద్ద గలవు. అనగా మన వంటింటి పదార్థము బియ్యము, పప్పు, మసాలాల సరసన కాక, ఇరువది తొమ్మిదవ అధ్యాయమున కర్బన రసాయనముల నడుమ కూర్చున్నది. ఇది విని ఇల్లాండ్రు ఉలికిపడనక్కరలేదు. అధ్యాయము పేరు వస్తువు గుణదోషములపై తీర్పు కాదు. పట్టికను చదువుటకు ఏర్పరచిన ఆరు సూత్రములలో మొదటిదే ఈ మాట చెప్పుచున్నది: అధ్యాయముల పేర్లు వెదకుకొనుటకు మాత్రమే, నిర్ణయము శీర్షికల మాటలను బట్టియు, వానికి చేర్చిన వివరణలను బట్టియు జరుగవలెను. నిమ్మపులుసులోని సిట్రిక్ ఆమ్లమును, విటమినులును అదే అధ్యాయమున గలవు.

ఆమినో ఆమ్లములన్నియు ఒక్క ఇంటనే యుండునని తలచినవారు పొరబడుదురు. లైసీను 2922.41. గ్లైసీను 2922.49, "ఇతరములు" అను సంచిలో అది పడినది. మిథియొనీనులో గంధకము గలదు గనుక అది ఇల్లు మారి 2930.40 వద్ద గంధక సమ్మేళనములతో చేరినది. తీపికై వాడు ఆస్పర్టేము రెండు ఆమినో ఆమ్లములు జతపడి యేర్పడినది. దానికి 2924 శీర్షిక. ఈ విభజనమునకు ఆధారము అణువు కట్టుబడియే గాని, ఉపయోగము కాదు. దిగుమతి ప్రతినిధి "ఆమినో ఆమ్లమే గదా" యని అన్నిటికి ఒకే సంఖ్య వ్రాసినచో అక్కడనే గండి పడును.

కాని అసలైన వివాదములు ఏ ఆమ్లమను విషయమున రావు. అది శుద్ధమా, మిశ్రమా యను విషయమున వచ్చును. ఇరువది తొమ్మిదవ అధ్యాయము మొదటి వివరణ ప్రకారము, అందు చేరదగినది విడిగా నిర్దిష్టమైన రసాయన స్వరూపము గల పదార్థము. తయారీలో మిగిలిన మలినములున్నను బాధ లేదు. నీటిలో కరిగించినను బాధ లేదు. నిలువకో రవాణాకో అవసరమై, గడ్డకట్టకుండ కొంచెము మందు కలిపినను సైపవచ్చును. అయితే ఆ చేర్పు వలన సరకు ఒక ప్రత్యేకమైన పనికే తగునట్లు మారరాదు. ఉప్పు, చక్కెర, మిరియాలపొడి, పిండి, ఇట్టివి బుద్ధిపూర్వకముగా కలిపిన క్షణమున ఆ పదార్థము రసాయనముల యిల్లు వదలి బయటకు వచ్చును. రుచికై కలిపిన మసాలా మిశ్రమమైనచో 2103. మరెక్కడను చెప్పబడని ఆహారపు తయారీయైనచో 2106. ఆస్పర్టేము విడిపొడిగా వచ్చిన రసాయనము. లాక్టోజుతో కలిపి కాఫీలో వేసికొను బిళ్ళగా వచ్చినచో అది ఆహారపు తయారీ. ఈస్టు సారములో గ్లూటమేటు సహజముగానే దండిగా గలదు. అయినను అది ఏనాడును 2922 కాదు, 2106 మాత్రమే. సోయా సాసు కూడ అట్లే 2103లో నుండును.

పొట్లము పరిమాణము ఇక్కడ లెక్కకు రాదు. శుద్ధమైన గ్లూటమేటును ఇరువది అయిదు కిలోల సంచిలో తెచ్చినను, యాబది గ్రాముల పొట్లముగా తెచ్చినను శీర్షిక ఒకటే. ఇది చాలమందికి నమ్మశక్యముగా నుండదు.

ఇందులో డబ్బు సంగతి ఎట్లుండునో ఒక ఊహను చేసి చూతము. ఒక పట్టణమున చిరుతిండ్లు చేయు చిన్న కర్మాగారము కలదనుకొనుడు. యజమాని విదేశమునుండి "సీజనింగు పొడి" తెప్పించినాడు. అందు గ్లూటమేటు సగమునకు పైగా, మిగిలినది ఉప్పు, పిండి, ఉల్లిపొడి. ఎక్కువ భాగము గ్లూటమేటే గదా యని అతని ప్రతినిధి బిల్ ఆఫ్ ఎంట్రీలో 2922.42 వ్రాసినాడు. మన పట్టికలో ఇట్టి రసాయనములపై మూలసుంకము తక్కువ. మసాలా మిశ్రమములపై కొన్ని రెట్లెక్కువ. అధికారి నమూనా తీసి ప్రయోగశాలకు పంపును. ఉప్పు బయటపడును. 1962 నాటి కస్టమ్సు చట్టమున 111వ సెక్షను ప్రకారము తప్పుగా ప్రకటించిన సరకును జప్తు చేయవచ్చును. తక్కువ పడిన సుంకము, దానిపై వడ్డీ, పైన జరిమానా. కావలెనని దాచినట్లు తేలినచో, అయిదేండ్ల వెనుకటి దిగుమతులను గూడ త్రవ్వి చూడవచ్చును. ఈలోగా కంటెయినరు అద్దె దినదినము పెరుగుచుండును. లోపలి పొడికి గడువు తరుగుచుండును. 2011 నుండి మన దేశమున సుంకమును దిగుమతిదారుడే స్వయముగా లెక్కగట్టి ప్రకటింపవలసిన పద్ధతి వచ్చినది. కావున "అధికారులు చెప్పలేదు" అను మాటకు అంతగా చోటు లేదు.

మన దేశమున మిశ్రమమును శుద్ధమని చెప్పు ఆశ కలుగగా, ఐరోపాలో దీనికి తలక్రిందులైన ఆశ కలిగినది. చైనానుండి గ్లూటమేటు మిక్కిలి చవుకగా వచ్చి తమ పరిశ్రమను దెబ్బతీయుచున్నదని విచారించి, ఐరోపా సంఘమువారు 2008లో దానిపై ఆంటీడంపింగు సుంకము విధించిరి. స్వదేశపు ధరకన్న తక్కువకు పరదేశమున కుమ్మరించు సరకుపై వేయునదే ఆ సుంకము. ఇండోనేషియా సరకుపై 2015లో విధించిరి. ఆ సుంకము శుద్ధ గ్లూటమేటుపై మాత్రమే గదా? కొంత ఉప్పు కలిపినచో అది మరియొక శీర్షికకు జారిపోవును, సుంకమును జారిపోవును. 2020లో ఐరోపావారు ఈ ఉపాయమును గుర్తించి, చైనా గ్లూటమేటు పొడి బరువులో యాబది శాతముగాని అంతకుమించిగాని ఉన్న మిశ్రమములకును ద్రావణములకును అదే సుంకమును విస్తరించిరి. అమెరికావారు మొదటినుండియు జాగ్రత్తపడిరి. చైనా, ఇండోనేషియాల గ్లూటమేటుపై 2014లో వెలువడిన వారి ఉత్తరువు, పదునైదు శాతము గ్లూటమేటు ఉన్న మిశ్రమమును గూడ పట్టుకొనును. పట్టికలోని సంఖ్య ఏదైనను ఆ ఉత్తరువు మాటలే ప్రమాణము. వర్గీకరణ వేరు, ఆంటీడంపింగు పరిధి వేరు అని ఈ కథ వలన స్పష్టమగుచున్నది.

మన వారికి ఇందులో దూరపు వార్త మాత్రమే కాదు, దగ్గరి వార్తయు కలదు. చైనా గ్లైసీనుపై అమెరికాలో 1995 నుండి ఇట్టి సుంకము కలదు. చైనానుండి ముడి తరగతి గ్లైసీనును తెచ్చి, భారతదేశమున శుద్ధిచేసి, భారతీయ సరకుగా అమెరికాకు పంపుట ఆ సుంకమును తప్పించుకొనుటయే యని 2012లో అక్కడి వాణిజ్యశాఖ తేల్చినది. 2019లో భారతదేశపు గ్లైసీనుపైనే సుంకములు పడినవి. శుద్ధి చేసినంత మాత్రమున వస్తువు పుట్టుక మారదని వారి వాదము. పుట్టుక ధ్రువపత్రము నేడు మన రేవులలోను తేలికైన కాగితము కాదు. ఆసియాను దేశములతో గల ఒప్పందము క్రింద తక్కువ సుంకమునకు తెచ్చుకొనువాడు, ఆ సరకు నిజముగా ఆ దేశముననే తయారైనదని చూపు వివరములను తన చేత ఉంచుకొనవలెనని 2020 నాటి నిబంధనలు శాసించుచున్నవి. థాయిలాండు సంచిలో చైనా పొడి దొరకినచో సంచి మీది ముద్ర కాపాడదు.

కోస్తా జిల్లాలవారికి మరింత పరిచితమైనది దాణా సంగతి. కోళ్ళ మేతలో మొక్కజొన్నయు సోయా చెక్కయు ఎంత వేసినను మిథియొనీను, లైసీను కొరవడును. కావున వానిని వేరుగా కలుపుదురు. మనుష్యుని నాలుకకు గ్లూటమేటులో ఎడమచేతి రూపమే రుచించును గాని, కోడి శరీరమునకు మిథియొనీను రెండు రూపములును పనికివచ్చును, ప్రకృతి చిత్రము! శుద్ధమైన లైసీను రసాయనమే. కాని పులియబెట్టిన తొట్టిలోని సూక్ష్మజీవుల పిప్పితో సహా ఎండబెట్టి గుళికలుగా చేసిన లైసీను సల్ఫేటు సాధారణముగా 2309, అనగా పశువుల దాణా తయారీల శీర్షికకు పోవును.

రసాయనమా, దాణాయా యను ఈ తగవు సుప్రీముకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము వరకు వెళ్ళినది. అక్కడికి చేరినది ఆమినో ఆమ్లము కాదు గాని దాని పొరుగున నుండు సరకే: విటమిన్ ఇ-50 పొడి, దాణా తరగతిది. 1999 ఆగస్టులో బొంబాయికి తెచ్చినవారు దానిని 2309 క్రింద చూపి, రొయ్యల మేతకు గల రాయితీ ప్రకారము అయిదు శాతము సుంకము చెల్లింతుమనిరి. శాఖవారు ఇది ఇరువది తొమ్మిదవ అధ్యాయపు వస్తువు, ముప్పది శాతము కట్టవలెననిరి. రాయితీ ఉత్తరువులో సందిగ్ధమున్నచో లాభము ఎవరికి? అంతకు ముందు 1997 నాటి తీర్పు వర్తకునికి అనుకూలముగా నుండెను. 2018 జూలై 30వ తేదీన ధర్మాసనము దానిని త్రోసిపుచ్చి, సందిగ్ధపు లాభము ప్రభుత్వమునకే చెందవలెననియు, రాయితీకి తాను అర్హుడనని నిరూపించు భారము కోరువానిపైననే యుండుననియు నిర్ణయించినది. ఆ తీర్పు వ్రాసినవారు మన కృష్ణాజిల్లాకు చెందిన జస్టిస్ ఎన్. వి. రమణగారు. దేశమున రొయ్యలు విస్తారముగా పెంచు తీరమునకు చెందినవారి చేతిమీదుగా, రొయ్యల మేత వివాదమున ఈ సూత్రము వెలువడుట యాదృచ్ఛికమే గాని గుర్తుంచుకొనదగినది.

ఇక రెండవ ప్రశ్న. 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టము స్థానమున 2006లో ఆహార భద్రత, ప్రమాణముల చట్టము వచ్చినది. 2017 నాటి దిగుమతి నిబంధనల ప్రకారము, ఆహారపు సరకు తెచ్చువానికి కేంద్ర లైసెన్సు ఉండవలెను. కాగితములు చూచి, సరకు చూచి, అవసరమైనచో అధికారి నమూనాను రెండు భాగములుగా తీయును. రేవు దాటునాటికి సరకు ఆయుర్దాయములో అరువది శాతమైన మిగిలియుండవలెను, లేదా గడువు తీరుటకు మూడు నెలలైన ఉండవలెను. ఈ రెంటిలో ఏది తక్కువైన అది చాలును. లేబులులో దిగుమతిదారుని పేరు, లైసెన్సు సంఖ్య, శాకాహార చిహ్నము కొరవడినచో గోదాములోనే అంటించుకొననిత్తురు. తయారైన తేదీ, గడువు, కలిపిన పదార్థములు, ఇవి లేనిచో అంటించి సరిదిద్దుకొనుటకు వీలులేదు.

శాకాహార చిహ్నమన్నపుడు సిస్టీనును తలచుకొనక తప్పదు. రొట్టెపిండి మెత్తబడుటకు వాడు ఈ ఆమినో ఆమ్లమునకు ఐ.ఎన్.ఎస్. 920 అని సంఖ్య. అది పక్షి ఈకలలోను, మనుష్యుల వెండ్రుకలలోను సమృద్ధిగా గలదు. తిరుమలలో మొక్కు తీర్చుకొన్న తల వేలమునకు పోవు లోకమున, వెండ్రుక ఎక్కడికి చేరునో అడుగుట అసంగతము కాదు. ఐరోపావారి ప్రమాణములలో మనుష్యుల వెండ్రుకలనుండి తీసిన సిస్టీనును ఆహారమున వాడరాదని స్పష్టముగా వ్రాసియున్నది. నేడు పులియబెట్టి గూడ దానిని తీయుచున్నారు. సుంకపు పట్టికకు ఈకయైనను, తొట్టియైనను ఒక్కటే. అణువు అదే గదా. పచ్చని చుక్కను నమ్మి కొను ఇల్లాలికి మాత్రము అది ఒక్కటి కాదు. అందుచేత సరకు మూలమేమో తయారీదారునినుండి వ్రాతమూలముగా తెప్పించుకొనుట దిగుమతిదారుని విధి.

ఆస్పర్టేము విషయమున మాట ఇంకను గట్టిది. అందలి ఫినైలలనీనును జీర్ణించుకొనలేని పుట్టుజబ్బు కొందరు శిశువులకు కలదు. దానిని ఫినైల్‌కీటొన్యూరియా అందురు. అట్టివారు వాడరాదని పొట్లముపై వ్రాయుట తప్పనిసరి. ఇక్కడ లేబులు తప్పు కాగితపు తప్పు మాత్రము కాదు, పిల్లవాని మెదడుకు ముప్పు.

గ్లూటమేటు మాట? 1968లో అమెరికా వైద్యపత్రిక యొకదానిలో ఒక వైద్యుని లేఖ అచ్చైన నాటినుండి దానిపై అనుమానము పుట్టినది. ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల నిపుణుల సంఘము 1987లో పరిశీలించి, దినమునకింతయని పరిమితి సంఖ్య పెట్టనక్కరలేదనినది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2017లో శరీరపు బరువు కిలోకు ముప్పది మిల్లీగ్రాములని పరిమితి సూచించినది. రెండును నిపుణుల మాటలే. మన దేశమున కొన్ని ఆహారములలో దీనికి అనుమతి కలదు, కొన్నిటిలో లేదు. కలిపినపుడు ఆ సంగతి ప్రకటింపవలెను. 2011 నాటి లేబులు నిబంధనలలో పండ్రెండు నెలల లోపు శిశువులకు తగదని వ్రాయుమనిరి.

2015లో నూడుల్సు పొట్లములపై "గ్లూటమేటు కలుపలేదు" అను వ్రాతను గూర్చి దేశమంతట అలజడి రేగినది. మరుసటి యేడు మార్చి 31వ తేదీన ఆహార భద్రతా సంస్థవారు ఒక ఉత్తరువున చిక్కుముడిని విప్పి చూపిరి. టమాటా, ఉల్లి, జున్ను, గోధుమ మాంసకృత్తులలో గ్లూటమేటు సహజముగానే కలదు. ప్రయోగశాలలో దొరికిన గ్లూటమేటు సహజమైనదో, చేత కలిపినదో పరీక్ష చెప్పలేదు. కావున కర్మాగారమునకు పోయి చూచి, కలిపినట్లు తేలినగాని కేసు పెట్టరాదనిరి. స్వదేశపు కర్మాగారమునకు ఇన్‌స్పెక్టరు పోగలడు. సముద్రమునకు ఆవల నున్నదానికి? అక్కడ తయారీదారుడు వ్రాసి యిచ్చిన పదార్థముల పట్టికయే సాక్ష్యము. దిగుమతిదారుడు దానిని అడుగకుండ సరకు కొన్నచో, లేబులు మీద తాను వ్రాయు మాటకు తన వద్ద ఆధారమే లేదన్న మాట.

కావున తెలిసిన వర్తకుడు ధర అడుగుటకు ముందే కాగితములడుగును. ఒక్కొక్క పదార్థము ఎన్ని శాతములు, గ్లూటమేటు శుద్ధి తొంబదితొమ్మిదికి తగ్గలేదా, ఆహారపు తరగతియా, దాణా తరగతియా, దేనినుండి తీసిరి, ఎక్కడ తీసిరి, ఏనాడు తీసిరి, ఈ వివరములు ముందే తెప్పించును. శీర్షిక విషయమున అనుమానమున్నచో, కస్టమ్సు ముందస్తు నిర్ణయ సంస్థకు దరఖాస్తు చేసికొనవచ్చును. ఢిల్లీలోను ముంబాయిలోను ఆ కార్యాలయములు 2021 నుండి పనిచేయుచున్నవి. మూడు నెలలలో జవాబు ఈయవలెనని చట్టము. ఆ జవాబు వచ్చువరకు సరకునకు ఆర్డరు పెట్టకుండ ఆగగలవానికి రేవులో గోదాము అద్దె కట్టవలసిన పని యుండదు.